ఎక్కని మందుల లెక్క

ఆరో బెడ్డులోని బస్సు డ్రైవరు బతకడని గోడమీది అంకె తేల్చేసిందనీ, మధ్యాహ్నం పన్నెండింటికల్లా అతని అక్క చేత కాగితం మీద సంతకం పెట్టించి యంత్రాలు తీసేయాలని పెద్ద డాక్టరు నిశ్చయించారనీ పోయినవారం చూశాం. పొద్దున ఏడున్నరకు డ్యూటీ ఎక్కిన మందులమ్మ, ఆ బెడ్డు పక్కన కంప్యూటర్ జాబితాలో ఇంకా ఉన్న ఒక మందు పంపు మీద ఊరికే చెయ్యి వేసింది. అది చల్లగా తగిలింది. అక్కడ ఆగాం.

మందు ఎక్కిస్తున్న పంపు కాస్త గోరువెచ్చగా ఉంటుంది. పదకొండేళ్ళుగా ఐసీయూలో మందుల లెక్క చూస్తున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె పని డాక్టరుదీ కాదు, నర్సుదీ కాదు. ఎవరు ఏ మందు రాసినా, ఆ మందుకూ పక్క మందుకూ పడుతుందా, ఈ కిడ్నీ దాన్ని తట్టుకుంటుందా, మోతాదు మించిందా అని చూసి చెప్పే ఫార్మసిస్టు. అసలు పేరు డ్యూటీ చార్టులో ఎక్కడో ఉంటుంది. వార్డులో అందరికీ మందులమ్మే.

ఆమె వంగి ఆ పంపు తెర చూసింది. చీకటిగా ఉంది. సిరంజి మీద అంటించిన చీటీ మాత్రం చక్కగా ఉంది: బీపీ నిలబెట్టే రెండో మందు. దాని గొట్టం డ్రైవరు మెడ దగ్గర సూది దాకా పోలేదు. చుట్టచుట్టి స్టాండుకు తగిలించి ఉంది.

"అంటే నీకు ఇది ఎక్కడం లేదన్నమాట," అంది మందులమ్మ డ్రైవరుతో. నోట్లో గొట్టంతో కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి ఏం చెబుతాడు? నలభై ఆరేళ్ళ వాడు. ఊపిరితిత్తుల్లో మొదలైన ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి, తొమ్మిది రోజుల కిందట ఇక్కడికి వచ్చాడు.

మందులమ్మకు ఒక అలవాటుండేది. కొత్తగా చేరిన డాక్టర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు. కంప్యూటర్లో జాబితా చూసి ఊరుకునేది కాదు. రోగి ఒంటిమీద సూది దగ్గర వేలు పెట్టి, గొట్టం వెంబడే వేలు పాకించుకుంటూ పంపు దాకా పోయేది. మళ్ళీ ఇంకో గొట్టం. అలా ఒంటి నుంచి పంపుకు, పంపు నుంచి చీటీకి లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకునేది. ఈ పని ప్రతి బెడ్డుకూ వారానికోసారి చేసేది. నాలుగు నెలల కిందట గోడమీదికి అంకె వచ్చాక, ఇక అంత అక్కర్లేదనుకుని మానేసింది. ఆ మానేయడం గుర్తొచ్చి ఇప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి.

వేలు పెట్టి మొదలుపెట్టింది. గొట్టాలు, ఇంజెక్షన్లు, ముక్కులోంచి పంపే మాత్రలు, అన్నీ చూసింది. పదిహేడు తేలాయి.

కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి జాబితా తెరిచింది. ముప్పై ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ పదిహేడే. డ్రైవరుకు ఎక్కుతున్నవి పదిహేడు. ఎక్కకుండానే లెక్కలో ఉన్నవి పద్నాలుగు. ఆ పద్నాలుగింటి పక్కన బూడిదరంగులో చిన్న మాట ఉంది: హోల్డ్.

గోడమీద పెద్ద తెరలో ఆరో బెడ్డు గడి ఎర్రగా వెలుగుతోంది. 91.

*

ఆ అంకె సంగతి పాఠకులకు మరొక్కసారి చెప్పుకోవాలి. రోగి చనిపోయే అవకాశం వందకు ఎంతో కంప్యూటర్ వేసి చూపించే లెక్క అది. వయసు, జ్వరం, రక్తపరీక్షలతోపాటు ఒక రోగికి ఎన్ని మందులు నడుస్తున్నాయి, అవి ఎంత చిక్కుమందులు అన్నది కూడా అది లెక్కేసుకుంటుంది. మందుల జాబితా ఎంత చిక్కుబడితే మనిషి అంత ప్రమాదంలో ఉన్నట్టు. మాటలో తప్పేం లేదు. మందులమ్మే మొదట్లో మెచ్చుకుంది. ఇన్నాళ్ళకు నా పుస్తకంలో లెక్కకు విలువ తెలిసినవాళ్ళు వచ్చారని పొంగిపోయింది కూడా. గంటగంటకూ కొత్త లెక్క వస్తుంది. తొంభై దాటితే గడి ఎర్రబడుతుంది. మూడు రోజులు వరసగా ఎర్రగా ఉంటే ఇంట్లోవాళ్ళను పిలిచి మాట్లాడాలి.

డ్రైవరు గడి ఎర్రబడి మూడు రోజులైంది.

మందుల గదిలో సిరంజిల మీద చీటీలు అంటిస్తున్న హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళింది మందులమ్మ. ఆమెను ఐసీయూలో అందరూ పెద్దక్క అంటారు. యాభై నాలుగేళ్ళు. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నెలన్నర కిందట తల్లి ఈ వార్డులోనే తొమ్మిదో బెడ్డులో పోయినప్పటి నుంచి ఆ గొంతు కాస్త తగ్గింది. తొమ్మిదో బెడ్డు వైపు డ్యూటీ మాత్రం వేసుకోదు.

"అక్కా, ఆరో బెడ్డులో పద్నాలుగు హోల్డులున్నాయి."

"ఉంటాయి. ప్రతి బెడ్డుకూ ఉంటాయి. నువ్వు చెప్పిందేగా?" అంది పెద్దక్క తల ఎత్తకుండా.

మందులమ్మ అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

నిజమే. చెప్పింది తనే. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మూడో బెడ్డులో ఒకావిడకు బీపీ బాగానే ఉందని మందును జాబితాలోంచి కొట్టేశారు. గంటకల్లా బీపీ పడిపోయింది. మందు రాయాలన్నా, కొట్టేయాలన్నా కంప్యూటర్లో డాక్టరు సంతకం కావాలి. ఆ పూట డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఇరుక్కుపోయాడు. మందు అల్మరాలో ఉంది, పంపు చేతిలో ఉంది, రోగి కళ్ళముందు ఉంది, సంతకం మాత్రం రాలేదు. అదొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు బయటపడింది. ఆ సాయంత్రం నర్సులందర్నీ నిలబెట్టి మందులమ్మ చెప్పింది: ఇకమీదట ఏ మందూ కొట్టేయించకండి, హోల్డ్‌లో పెట్టండి. హోల్డ్ అయితే నర్సు నొక్కితే చాలు, మళ్ళీ కావాలంటే నర్సే నొక్కుతుంది, ఎవరి సంతకం కోసమూ కాచుకోనక్కర్లేదు. ఆ మాట వల్ల ఈ రెండేళ్ళలో ఎందరు నిలబడ్డారో.

అంకె వచ్చిన రోజున ఆ మాట అంకెకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. హోల్డ్ అంటే కాసేపు ఆపినదని దాని లెక్క. ఈ వార్డులో హోల్డ్ అంటే అయిపోయిందని. రెండేళ్ళుగా ఇక్కడ మందులు చావవు, బూడిదరంగు పూసుకుని జాబితాలో కూర్చుంటాయి.

"అక్కా, అతనికి మందులు ఎందుకు ఆగాయో చూశావా? బీపీ రెండో మందు నాలుగు రోజుల కిందట ఆపారు. ఎందుకు? బీపీ నిలబడింది కాబట్టి. నిద్రమందు మొన్న ఆపారు. ఇన్సులిన్ డ్రిప్పు ఆపారు. నీరు తీసే మందు ఆపారు, నిన్న పదకొండు వందల మిల్లీలీటర్లు ఉచ్చ పోశాడు తనంతట తనే. ఒక్కో మందు ఆగిందంటే అతను ఒక్కో మెట్టు ఎక్కినట్టు. అంకె ఆ మెట్లన్నీ అతని నెత్తినే పెట్టింది!"

పెద్దక్క చేతిలో చీటీల చుట్ట ఆగిపోయింది. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని మందులమ్మ ముఖంలోకి చూసింది.

"పెద్ద డాక్టర్‌కు చెబుతావా?"

"చెప్పక?"

"మొదట అడిగేది ఏంటో తెలుసా? ఈ అలవాటు ఎవరు పెట్టారని. నా పిల్లలు పదహారు మంది రోజూ ఆ బటన్ నొక్కుతున్నారు. సగం మందికి ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. తిలాపాపం తలా పిడికెడు అనుకుందాం, గట్టిగా అరవకుండా మెల్లిగా సర్దుకుందాం. ఇవాళ్టి నుంచి కొత్త హోల్డులు పెట్టొద్దని నేను చెబుతాను."

"మెల్లిగా సర్దుకునేసరికి పన్నెండు కొడుతుంది. వాళ్ళక్కను పదిన్నరకే రమ్మన్నారు."

 మందులమ్మ పుస్తకం తీసుకుని లేచింది.

*

ఇంట్లోవాళ్ళతో మాట్లాడే గది చిన్నది. కిటికీ లేదు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, బల్లమీద కాగితపు రుమాళ్ళ డబ్బా. ఆ డబ్బా చూస్తేనే లోపలికి వచ్చినవాళ్ళకు సంగతి అర్థమైపోతుంది. డ్రైవరు అక్క దాన్ని బల్ల చివరికి తోసేసి కూర్చుంది. యాభై దాటిన మనిషి, బట్టలు కుట్టే దుకాణంలో ముప్పై ఏళ్ళుగా గుడ్డ కత్తిరించే పని. కుడిచేతి బొటనవేలు కత్తెర పట్టీ పట్టీ గట్టిపడిపోయింది. తల్లిదండ్రులు లేరు, తమ్ముడికి పెళ్ళి కాలేదు. ఉన్న అక్కాతమ్ముళ్ళు ఇద్దరే.

ఎదురుగా పెద్ద డాక్టరు. చెడ్డవాడు కాదాయన. ఒకప్పుడు ఒక పెద్దావిడను నలభై రోజులు యంత్రాల మీద ఉంచాడు, ఎవరూ వద్దని చెప్పలేక, తనూ చెప్పలేక. చివర్న ఆవిడ కొడుకు వచ్చి, "బతకదని మీకు ముందే తెలుసు కదా సర్, ఎందుకింత హింస పెట్టారు?" అని అడిగాడు. ఆ మాట ఆయన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. అంకెను పట్టుబట్టి తెప్పించింది అందుకే. తెలియనిదాన్ని తెలుసని చెప్పగలిగే వస్తువు దొరికితే ఎవరు వదులుకుంటారు?

"అమ్మా, మీ తమ్ముడి విషయంలో మేం చేయగలిగిందంతా చేశాం," అంటున్నాడాయన. "వందలో తొంభై ఒక్క పాళ్ళు..."

తలుపు తోసుకుని మందులమ్మ వచ్చింది. తట్టలేదు.

"సర్, ఆ తొంభై ఒకటి తప్పు."

పెద్ద డాక్టరు కాగితం మీద పెన్ను అలాగే పట్టుకుని చూశాడు. పదకొండేళ్ళలో ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదలు.

"బయట మాట్లాడుకుందాం."

"ఇక్కడే సర్. సంతకం పెట్టబోయేది ఈవిడ."

"నేను చెప్పేది మీకు వినపడిందా? బయట."

"వినపడింది సర్. నేను కదలను."

మందులమ్మ పుస్తకం బల్లమీద పెట్టి, తెరిచి, వేలు పెట్టి చూపించింది. "జాబితాలో ముప్పై ఒకటి. మనిషికి ఎక్కుతున్నవి పదిహేడు. నేను ఒక్కో గొట్టం పట్టుకుని చూశాను. పద్నాలుగు ఆగిపోయిన మందులు లెక్కలో ఉన్నాయి. అందులో ఐదు డ్రిప్పులు. ఒక్కో డ్రిప్పుకు అంకె ఎంత బరువు వేస్తుందో మీకు తెలుసు."

"హోల్డ్‌లో ఉన్నవి తాత్కాలికంగా ఆపినవి. రేపు మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అందుకే అంకె వాటిని చూస్తుంది. అందులో తప్పేముంది?"

"తాత్కాలికం కాదు సర్. అయిపోయినవి. మా వార్డులో మందును ఎవరూ కొట్టేయించరు, హోల్డ్‌లో పెట్టి వదిలేస్తారు."

"ఎవరు చెప్పారు అలా చేయమని?"

తలుపు దగ్గర అలికిడి. పెద్దక్క వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇద్దరు నర్సులు, ఇంకా పాతికేళ్ళు నిండనివాళ్ళు, ముఖాలు పాలిపోయి ఉన్నాయి.

"అడుగుతున్నాను. ఈ వార్డులో నాకు తెలియకుండా ఈ పద్ధతి పెట్టింది ఎవరు?"

గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకునే లోకం ఇది. ఆ ఇద్దరు పిల్లలూ అప్పటికే తల వంచేశారు. పెద్దక్క నోరు తెరవబోయింది.

"నేను," అంది మందులమ్మ.

గదిలో అందరికన్నా ముందు ఆమెకే ఆ మాట గట్టిగా వినపడింది. 

"నేనే సర్. రెండేళ్ళ కిందట నర్సులందర్నీ పిలిచి నేనే చెప్పాను. మంచికే చెప్పాను. అంకె వచ్చినప్పుడు దానికి ఈ సంగతి తెలియదని గుర్తుపట్టాల్సింది కూడా నేనే. వేలు పెట్టి లెక్కపెట్టడం మానేసి తెర చూస్తూ కూర్చున్నాను. ఎంక్వయిరీ వేస్తారా, వేయండి. మెమో ఇస్తారా, తీసుకుంటాను. వాళ్ళెవరినీ అడక్కండి, నా పేరు రాసుకోండి. కానీ ఆ కాగితం మీద మాత్రం ఈ లెక్కతో సంతకం పెట్టించకండి. పెట్టిస్తే నేను ఇక్కణ్ణుంచి నేరుగా పైవాళ్ళ దగ్గరికి వెళ్తాను."

"బెదిరిస్తున్నారా?"

"అవును సర్."

పెద్ద డాక్టరుకు కోపం వచ్చింది. రావాల్సిందే కదా. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన్ను ఎవరూ ఇలా ఎదురుగా నిలబడి కాదనలేదు. "మందుల లెక్క ఒక్కటే కాదమ్మా అంకె అంటే! ఊపిరితిత్తులున్నాయి, కిడ్నీ ఉంది, రక్తపరీక్షలున్నాయి. పద్నాలుగు మందులు తీసేస్తే లేచి కూర్చుంటాడా? ఈవిడకు లేనిపోని ఆశ పెడుతున్నారు మీరు. నలభై రోజుల తర్వాత ఈవిడ వచ్చి ఎందుకు హింస పెట్టారని అడిగితే జవాబు మీరు చెబుతారా?"

మందులమ్మ పుస్తకం మీది వేలు తీయలేదు. 

అప్పటిదాకా పలకని డ్రైవరు అక్క గొంతు సవరించుకుంది.

"డాక్టర్ గారూ, నాకు మీ మందుల సంగతి తెలియదు. నాకు తెలిసింది గుడ్డ. కొలత పుస్తకంలో తప్పు రాసుకుని నేను కత్తిరించాననుకోండి, టేపును తిడతామా? తిట్టం. కానీ తప్పు కొలత అని తెలిశాక కూడా కత్తెర వెయ్యమంటే వెయ్యను. ఒకసారి తెగితే మళ్ళీ అతుకుతుందా? మళ్ళీ కొలవండి. కొలిచాక అప్పుడు చెప్పండి."

ఆమె కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆయన వైపుకు జరిపింది.

*

పద్నాలుగు మందులూ జాబితాలోంచి పోవాలంటే పద్నాలుగు సంతకాలు కావాలి. అవి పెద్ద డాక్టరే పెట్టాలి. నర్సుల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నాడాయన. పక్కన మందులమ్మ పుస్తకం చూసి ఒక్కో మందు పేరు చదువుతోంది. ప్రతి మందుకూ కారణం ఎంచాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, ఖాయమా అని అడిగితే ఖాయమని మళ్ళీ కొట్టాలి. నాలుగోదానికి ఆయన నిట్టూర్చాడు. ఏడోదానికి పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు. తొమ్మిదోదానికి కంప్యూటరే ఆయన్ను బయటికి తోసేసింది, మళ్ళీ మొదటి నుంచి లోపలికి రమ్మంది.

"ఒక్క మందు కొట్టేయడానికి ఇంత తతంగమా?" అన్నాడు.

పెద్దక్క దగ్గుతో నవ్వు కప్పుకుంది. "మీరు థియేటర్లో ఉన్నప్పుడు ఇంకా బాగుంటుంది సర్."

ఆయన మళ్ళీ తెర వైపుకు తిరిగాడు. మిగతావి కొట్టేశాడు. పద్నాలుగోది అయ్యేసరికి పదిన్నర దాటి ఇరవై ఆరు నిమిషాలు. అంకె గంటకొట్టాకే మారుతుంది. నాలుగు నిమిషాలు ఉంది.

ఆ నాలుగు నిమిషాలూ ఎవరి పని వాళ్ళు చేస్తున్నట్టు నటించారు. నర్సు ఒకతె ఉన్న చీటీ మీదే మళ్ళీ చీటీ అంటించింది. డ్రైవరు అక్కను ఎవరూ లోపలికి రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆమె తమ్ముడి కాళ్ళ దగ్గర నిలబడి దుప్పటి కొస సరిచేస్తోంది. మందులమ్మ తెర వంక చూడటం లేదు. తన లెక్క తప్పయితే? అంకె కదలకపోతే? ఆవిడ ముఖంలోకి ఎలా చూడాలి? 

పదకొండు. తెర ఒక్కసారి ఆరిపోయి వెలిగింది.

64.

ఆరో బెడ్డు గడిలో ఎరుపు పోయి పసుపు వచ్చింది. వార్డులో ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. మందులమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

 పెద్ద డాక్టరు డ్రైవరు అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, అరవై నాలుగు అంటే బతుకుతాడని కాదు."

"చస్తాడనీ కాదుగా?"

ఆయన ముఖంలో ఏదో సడలింది. "కాదు," అన్నాడు. "ఇవాళ యంత్రాలు తీయం. ఇంకో నాలుగు రోజులు చూద్దాం. రేపటి నుంచి కాసేపు కాసేపు తనంతట తను ఊపిరి పీల్చనిద్దాం." కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. మందులమ్మను దాటుకుని వెళ్తూ ఆగి, "ఎంక్వయిరీ ఉంటుంది. తప్పించుకోలేరు," అన్నాడు.

"తప్పించుకోను సర్."

"రేపు పొద్దున రౌండ్స్‌కు మీ పుస్తకం పట్టుకురండి. అన్ని బెడ్లూ."

డ్రైవరు అక్క వచ్చి మందులమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ గట్టిపడ్డ బొటనవేలు ఆమె మణికట్టు మీద నొక్కుకుంది. "నీ కడుపు చల్లగుండ తల్లీ," అంది. అంతే అంది, మళ్ళీ తమ్ముడి కాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

*

మందుల గదిలోకి వచ్చి మందులమ్మ మంచినీళ్ళు తాగింది. గెలిచిన మనిషికి ఉండే దాహం వేరు. రెండో గ్లాసు నింపుకుంటుంటే తలుపు మూసిన చప్పుడైంది. పెద్దక్క. గడియ కూడా వేసింది.

"అక్కా, నువ్వు నవ్వడం ఎన్నాళ్ళకు విన్నానో!"

పెద్దక్క నవ్వడం లేదిప్పుడు. మూలనున్న కంప్యూటర్ ముందు స్టూలు లాగి పెట్టింది.

"పద్నాలుగు హోల్డులకు తొంభై ఒకటి నుంచి అరవై నాలుగుకు దిగింది. అంతేగా?"

"అంతే."

"అంకె వచ్చి నాలుగు నెలలైంది."

"అవును."

"పాత జాబితాలు పోవు కదా. ఉంటాయిగా అందులో?"

మందులమ్మ గ్లాసు కింద పెట్టింది. పెద్దక్క మాట ఎటు పోతోందో అప్పటికి అర్థమైంది. 

నెలన్నర కిందట తొమ్మిదో బెడ్డు. డెబ్భై రెండేళ్ళ మనిషి. గడి మూడు రోజులు ఎర్రగా ఉంది. తొంభై మూడు. అదే కిటికీ లేని గదిలో, అదే కాగితం మీద సంతకం పెట్టింది పెద్దక్క. ముప్పై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషి కదా, ఎవరూ ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. అంకె చూసింది, పెన్ను తీసుకుంది. "అమ్మను బాధపెట్టడం నావల్ల కాదు," అని మాత్రం అంది.

"మా అమ్మ జాబితా తియ్యి," అంది పెద్దక్క.

"వద్దక్కా. ఇవాళ వద్దు."

"తియ్యి అన్నాను."

"చూసి ఏం చేస్తాం? అమ్మ వయసు వేరు, జబ్బు వేరు. ఆ లెక్క వేరక్కా. తెలుసుకుని..."

"పొద్దున పెద్ద డాక్టర్ ముందు నిలబడి నేనే అన్నావు. నా పిల్లల్ని కాపాడావు. నీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. ఆ నోటితోనే నాకు వద్దని చెప్పకు." గొంతు పెద్దది కాలేదు. ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "వాడి అక్కకు తెలుసుకునే హక్కు ఉందని అక్కడే నిలబడ్డావు. మా అమ్మకు కూతుర్ని నేను. నాకు లేదా?"

మందులమ్మ స్టూలు మీద కూర్చుంది.  తేదీ కొట్టింది, బెడ్డు నంబరు కొట్టింది. జాబితా తెరుచుకుంది. ఇరవై ఎనిమిది వరసలు. పై నుంచి కింది దాకా అక్కడక్కడా బూడిదరంగు. ఎన్ని ఉన్నాయో ఆమె లెక్కపెట్టలేదు. మొదటి బూడిదరంగు వరస మీదే వేలు ఆగిపోయింది.

బీపీ నిలబెట్టే మందు. మనిషి కోలుకుంటుంటే ఆపే మందు. దాని పక్కన హోల్డ్‌లో పెట్టిన తేదీ, సమయం ఉన్నాయి. పెద్దక్క సంతకం పెట్టిన రోజుకు ముందురోజు సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు.

పెద్దక్క పక్కనే నిలబడి ఉంది. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది, కిందికి దించుకోలేదు.

"పైకి చదువు," అంది.